పొట్టకు హద్దురాళ్ళు

నా టోకెను 34. లోపల 11 నడుస్తోంది.

కౌంటరు దగ్గర అమ్మాయి లీటరు నీళ్ళసీసా చేతిలో పెట్టి, "మొత్తం తాగెయ్యండి అంకుల్. బ్లాడర్ నిండితేనే స్కాను. మధ్యలో బాత్‌రూమ్‌కి మాత్రం వెళ్ళకండి" అంది. తాగేశాను. ముప్పై నాలుగేళ్ళు సర్వే శాఖలో గొలుసు లాగించినవాణ్ణి, ఊరికే కూచుని టీవీలో సీరియల్ చూడ్డం నా వల్ల కాదు. టీవీ పక్కనున్న బోర్డు కూడా చదివేశాను. ఇక్కడ లింగనిర్ధారణ పరీక్షలు చేయబడవు, 1994 చట్టం ప్రకారం నేరం. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ప్రోస్టేట్ కొలిపించుకోడానికి వచ్చినవాడికి ఆ చట్టంతో పనేముంది! అందుకని ఫైలు వెనకనుంచి నాలుగు తెల్లకాగితాలు లాగాను. ఎనిమిదేళ్ళుగా గుంటూరు కొత్తపేట సందుల్లో స్కానింగు సెంటర్ల చుట్టూ తిరిగి సంపాదించిన జ్ఞానాన్ని నలుగురికీ పనికొచ్చేలా రాసిపెడుతున్నాను.

మూలసూత్రం ఒక్కటే. ఒంట్లో అవయవం అంటే సర్వే నంబరు. దానికి హద్దులుంటాయి, విస్తీర్ణం ఉంటుంది, పక్కవాడి ఆక్రమణ ఉంటుంది. సెంటీమీటరు ఎక్కడైనా సెంటీమీటరే: తెనాలిలో అయినా గుంటూరులో అయినా, అల్ట్రాసౌండులో అయినా సీటీలో అయినా. ఒక మిషను 10 అని, ఇంకోటి 11 అని చెబితే రెంటిలో ఒకటి అబద్ధమాడుతున్నట్టే. ఈ సంగతి ఒప్పుకోని డాక్టర్లు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాటలు కూడా అక్కడక్కడ రాస్తాను, వాళ్ళెంత మొండివాళ్ళో మీకు తెలియాలి కదా.

మూడు చోట్ల కొలిపించండి, నచ్చిన అంకె పైన పెట్టండి

నా ప్రోస్టేట్ సంగతే తీసుకోండి. మొదటి సెంటరులో 4.6, 3.9, 4.1 సెంటీమీటర్లని కొలిచి 38 సీసీ అని రాశారు. పది రోజులు తిరక్కుండా ఎదురు వీధిలో కొలిపిస్తే 5.0, 4.3, 4.6 వచ్చాయి. 51 సీసీ! పది రోజుల్లో 13 సీసీ ఎవరు కలిపేసుకున్నారు? మా ఊళ్ళో రాత్రికి రాత్రి గట్లు జరిపే ఘనులున్నారు గానీ, వాళ్ళు కూడా ఒక పంటకాలంలో ఇంత జరపలేరు.

రెండో సెంటరు డాక్టరమ్మ నా రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని నవ్వింది. "చూడండి అంకుల్, ఒక్కో వైపు తేడా నాలుగైదు మిల్లీమీటర్లే. తెర మీద ప్లస్ గుర్తు కాస్త అటు పెడితే ఒకటి, ఇటు పెడితే ఒకటి. మూడు వైపులవీ గుణించేసరికి పెద్దదవుతుంది." కందిగింజంత తేడా మూడుసార్లు గుణిస్తే 13 సీసీ అట. నేను లెక్క కట్టి చూశాను. ప్రతి వైపూ నూటికి పది చొప్పున ఎక్కువ కొలిస్తే ఘనపరిమాణం నూటికి 33 పెరుగుతుంది. పది చొప్పున తక్కువ కొలిస్తే 27 తగ్గుతుంది. లెక్క నిజమే. అయినా ఆవిణ్ణి వదల్లేదు. పొడవు, వెడల్పు, మందం గుణిస్తే 38 రాదే, 73 దాటుతుందే అన్నాను.

"దాన్ని 0.52తో గుణిస్తాం. లెక్కల్లో 'పై' (π) ఉంటుంది కదా, దాని విలువను ఆరుతో భాగిస్తే వచ్చేది. ప్రోస్టేట్ గుడ్డు ఆకారంలో ఉందనుకుంటాం."

"అనుకుంటారా? చూసినవాళ్ళెవరు?"

"చాలాసార్లు గుడ్డులాగే ఉంటుంది అంకుల్."

మా తహసీల్దారు దగ్గర 'ఈ చేను చతురస్రంగా ఉందనుకుంటాం' అని ఒక్కసారి రాసి ఉంటే నాకు పెన్షను వచ్చేదే కాదు. పైగా వీళ్ళలో వీళ్ళకే ఒప్పందం లేదు. కొన్ని ప్రోస్టేట్లు గుడ్డుకంటే తుపాకీ గుండులా ఉంటాయని 0.65 వాడేవాళ్ళున్నారు. వృషణాలకైతే 0.71 నయమంటారు. ఇక్కడే మీకు నా మొదటి రహస్యం. గుణకం ఏది వాడారో అడగండి. నా 38 సీసీనే 0.65తో చేస్తే 48 అవుతుంది. కత్తి పడకుండా, మాత్ర మింగకుండా కూర్చున్నచోట 10 సీసీ ఆస్తి పెరిగింది.

ఆస్తి పెరిగితే ఏం లాభమంటారా? ఉంది. నా రక్తంలో పీఎస్ఏ 6. దాన్ని ప్రోస్టేట్ సీసీలతో భాగిస్తే వచ్చే అంకె 0.15 దాటితే ముక్క తీసి పరీక్ష చెయ్యాలన్న ఆలోచన డాక్టర్లకి గట్టిపడుతుంది. 6ని 38తో భాగిస్తే 0.158. అదే 51తో భాగిస్తే 0.118. ఇంక నేను చెప్పాలా! 51 సీసీ రిపోర్టు ఫైల్లో పైన పెట్టి, 38ది కరెంటు బిల్లుల కిందికి తోసేశాను. మీరూ అలాగే చెయ్యండి. మా యూరాలజిస్టు మాత్రం బిల్లులతో సహా ఫైలంతా తిరగేసి, రెండూ పక్కన పెట్టేసి ఎంఆర్ఐ రాశాడు. అందులో 44 సీసీ, 0.136. "ఆ ఒక్క గీత పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోం మాస్టారూ. వేలితో చూస్తే గట్టిగా తగులుతుందా, ఎంఆర్ఐలో అనుమానం మచ్చ ఉందా, పీఎస్ఏ ఎలా నడుస్తోంది, అన్నీ చూస్తాం. ఇక మీదట కొలిస్తే ఒకే చోట ఒకే పద్ధతిలో కొలిపించండి. మూడింటికీ సగటు మాత్రం తియ్యకండి" అన్నాడు.

ఇంటికొచ్చి సగటు తీశాను. 38, 51, 44 కలిపితే 133. మూడుతో భాగిస్తే 44.33. ఎంఆర్ఐ 44! నా పద్ధతికి ఇంతకంటే రుజువేం కావాలి?

(టోకెను 15. కడుపు కాస్త బరువుగా ఉంది, అంతే.)

గుండె పెద్దది కావాలంటే పడుకుని తీయించుకోండి

ఎక్స్‌రేలో గుండె కొలవడం అన్నిటికంటే తేలిక. గుండె నీడ వెడల్పు ఎంత, ఛాతీ లోపలి వెడల్పు ఎంత, మొదటిది రెండో దాంట్లో సగం దాటకూడదు. 1919 నుంచీ వైద్యులు ఈ లెక్క వాడుతున్నారు. స్కేలుంటే చాలు, మీ మనవడు కూడా చెయ్యగలడు.

మా తోడల్లుడికి పోయినేడు జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేర్చారు. లేవలేకపోతుంటే మిషనునే మంచం దగ్గరికి తోసుకొచ్చి, పడుకున్నవాడికి పడుకున్నట్టే ఫిల్మ్ తీశారు. నేను స్కేలు పెట్టి కొలిచాను. సగం దాటి వేలెడు ఎక్కువుంది. వరండాలోకి వచ్చి, "గుండె పెరిగిపోయింది" అని ప్రకటించాను. మా మరదలు ఏడుపు లంకించుకుంది, హైదరాబాదు నుంచి కొడుకు బస్సెక్కాడు. నాలుగు రోజుల తర్వాత నిలబెట్టి తీసిన ఫిల్మ్‌లో గుండె బుద్ధిగా సగంలోపే ఉంది. అప్పటినుంచి మా మరదలు నాకు కాఫీ ఇవ్వడం మానేసింది.

జరిగిందేమిటో చిన్నప్పుడు తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. బొమ్మని తెరకి ఆనిస్తే నీడ బొమ్మంతే పడుతుంది. తెర వదిలి దీపం వైపు జరిపిన కొద్దీ రావణుడు రావణుడంత అవుతాడు. గుండె ఉండేది ఛాతీలో ముందువైపు. నిలబడి రొమ్ముని ప్లేటుకి ఆనించి, ఆరడుగుల దూరంలో వెనకనుంచి కిరణాలు వదిలితే బొమ్మ తెరకి ఆనినట్టు. మంచం మీద పడుకోబెట్టి, వీపు కింద ప్లేటు పెట్టి, మీటరు దూరం నుంచి పైనించి కిరణాలు వదిలితే దీపం దగ్గరికి జరిపినట్టు. దానికి తోడు పడుకున్న రోగి నిండా ఊపిరి తీసుకోలేడు. ఊపిరితిత్తుల కిందుండే పొర పైకి లేచి గుండె అడ్డంగా వాలుతుంది. అందుకే మంచం మీద తీసిన ఫిల్మ్‌లో గుండె పెద్దదని రాయాలంటే డాక్టర్లు వెనకాడతారు.

నా సలహా ఏమిటంటే, మెడికల్ లీవు కావాల్సినవాళ్ళు పడుకుని, సగం ఊపిరితో తీయించుకోండి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు కావాల్సినవాళ్ళు నిలబడి ఊపిరి బిగపట్టండి. ఇద్దరూ ఒకే మనిషైనా ఫర్వాలేదు.

పాత ఫిల్ములు దాచండి, అవి దస్తావేజులు

నా దగ్గర 1996లో రాయి అనుమానంతో తీయించిన పాత ఎక్స్‌రే ఫిల్ములున్నాయి. నరంలోకి మందెక్కించి కిడ్నీలకి తీసేవి. అందులో ఎడమ కిడ్నీ స్కేలుతో కొలిస్తే 12.4 సెంటీమీటర్లు. నిరుడు అల్ట్రాసౌండులో 10.3. రెండు సెంటీమీటర్ల పైచిలుకు ఏ గట్టులో కలిసింది? అసలు దస్తావేజు చూపించి అడిగితే డాక్టరమ్మ చెప్పిన సమాధానం మళ్ళీ తోలుబొమ్మే. కిడ్నీ వీపు వైపుంటుంది, అయినా ప్లేటుకి ఆనదు, నీడ పెద్దది పడుతుంది. ఎక్కించిన మందుకి కిడ్నీ కూడా కాస్త ఉబ్బుతుంది. పైగా నలభై ఏళ్ళ కిడ్నీకీ అరవై ఎనిమిదేళ్ళ కిడ్నీకీ పోలిక ఏమిటంది. వయసుతో అది కొంచెం కుంచించుకుపోవడం మామూలేనట. ఎడమది కుడిదాని కంటే కాస్త పొడుగుండటం కూడా మామూలేనట. అన్నదమ్ములకి సమాన వాటా ఉండాలన్న నా వాదన ఆవిడ చెవికెక్కలేదు.

సీటీ తీయించినప్పుడు మాత్రం నేనే గెలిచాననుకున్నాను. అడ్డంగా కోసిన ముక్కల్లో కిడ్నీ ఎన్నిటిలో కనబడిందో లెక్కబెట్టి, ముక్క మందంతో గుణించి 10.1 అని తేల్చాను. రిపోర్టులో 10.8. ఎగిరి గంతేశాను. తర్వాత తెలిసింది, కిడ్నీలు నిటారుగా నిలబడవు. పై కొసలు వెన్నెముక వైపు వాలి ఉంటాయి. అడ్డముక్కలు లెక్కబెడితే వచ్చేది నిలువు ఎత్తు. నిజమైన పొడవు కావాలంటే వాలు వెంబడి కొలవాలి. ఇరవై డిగ్రీల వాలుంటే 10.8 కాస్తా 10.1గా కనబడుతుంది.

ఇక్కడ కాస్త ఇబ్బందిగా ఉంది. ఏటవాలు నేల మీద గొలుసు పరిచి కొలిచిన దూరం వేరు, పటంలో ఎక్కే దూరం వేరు అని కొత్తగా చేరిన కుర్రాళ్ళకి పాఠం చెప్పింది నేనే. సరే, అది పొలం, ఇది కిడ్నీ.

(టోకెను 19. ఎదురుగా కూర్చున్నాయన ఇప్పటికి రెండుసార్లు లేచి నిలబడి మళ్ళీ కూచున్నాడు. ఆయనకీ ఫుల్ బ్లాడరే కాబోలు.)

స్కానుకి ముందు నెయ్యి మానెయ్యండి

అల్ట్రాసౌండు మిషను టేపు పెట్టి కొలవదని చాలామందికి తెలియదు. పాడుబడ్డ బావిలో రాయి వేసి, చప్పుడు ఎంతసేపటికి వినబడిందో చూసి లోతు చెప్పే పద్ధతి దానిది. శబ్దం లోపలికి పంపుతుంది, ప్రతిధ్వని ఎప్పుడు తిరిగొచ్చిందో చూస్తుంది, ఒంట్లో శబ్దం సెకనుకు 1540 మీటర్లు నడుస్తుందని అనుకుని దూరం తేలుస్తుంది. మళ్ళీ 'అనుకుని'! కొవ్వులో శబ్దం నెమ్మది. సుమారు 1450 మీటర్లే. ఆలస్యంగా వచ్చిన ప్రతిధ్వనిని మిషను దూరం నుంచి వచ్చిందనుకుంటుంది, కొవ్వు పొరని ఉన్నదానికంటే నూటికి ఆరు మందంగా చూపిస్తుంది.

కనక షుగరు పరీక్షకి ముందు రెండు రోజులు అన్నం మానేసినట్టే, స్కానుకి ముందు మూడు రోజులు నెయ్యి మానెయ్యండి. నేను మానేశాను. పొట్ట తగ్గలేదు, పప్పన్నం మాత్రం రుచి తగ్గింది.

పరగడుపున రమ్మంటే పెసరట్టు ఒక్కటీ తినొచ్చనుకున్నాను, ఉప్మా లేకుండానే. పిత్తాశయం సరిగ్గా కనబడలేదు. తిండి పడగానే అది పైత్యం వదిలేసి ముడుచుకుపోతుందట. "ఆపరేషన్ చేసి తీసేశారా అంకుల్?" అని అడిగింది డాక్టరమ్మ. నా పిత్తాశయం కొలత ఆ రోజు ఎవరి అడంగల్లోకీ ఎక్కలేదు.

ఊపిరి మీ చేతిలో ఉంది

లివరుకి ఒక నిలువుగీత కొలుస్తారు. కాలర్‌బోను మధ్యనుంచి కిందికి దించిన గీత వెంబడి 15, 16 సెంటీమీటర్ల దాకా ఫర్వాలేదంటారు. నాకు ఒక చోట 15.8 అని కొలిచి 'స్వల్పంగా పెరిగింది, గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్' అని రాశారు, ఇంకోచోట 14.6, మామూలే అన్నారు. ఫ్యాటీ లివర్ ఇద్దరూ రాశారు. అది లేని గుంటూరు జిల్లావాణ్ణి నేనింకా చూడలేదు.

"ఊపిరి పీల్చండి... బిగపట్టండి... వదలండి" అంటూ ఉంటారు కదా. ఊపిరితో లివరు కిందికి దిగుతుంది, పైకి లేస్తుంది. ఎక్కడ ఆపారు, ప్రోబ్ ఎంత వంచారు, గీత మధ్యకి లాగారా పక్కకి లాగారా అన్నదాన్ని బట్టి సెంటీమీటరు అటూ ఇటూ పోతుంది. ఒక్క గీతతో అంత పెద్ద అవయవాన్ని తేల్చడమూ గుంటూరు నుంచి తెనాలికి రోడ్డు పొడవు చెప్పి జిల్లా విస్తీర్ణం ఇంత అనడమూ ఒకటే. మా మేనత్తకి లివరు కుడివైపు నాలుకలాగా కిందికి సాగి తుంటి దాకా వేలాడుతుంది. రీడెల్ లోబ్ అంటారు. ఆ పేరున్న జర్మన్ సర్జను 1888లోనే దాని గురించి రాశాడు. జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన ఆకారం. ఆ నాలుక వెంబడి కొలిచినవాడికి ఆవిడ లివరు భయంకరంగా పెరిగినట్టే. కాలవగట్టు వెంట తోకలాగా సాగిన చేలు మా దగ్గరా ఉండేవి. ఆ నాలుకని సబ్‌డివిజన్ చేసి వేరే నంబరు ఇప్పించమని ఆవిడకి సలహా ఇచ్చాను.

డాక్టరుకి వేళ్ళు లావుగా ఉండాలి

ఇది మా నాయనమ్మ కాలం నాటి కొలత. మాటిమాటికీ జ్వరాలొచ్చే పిల్లలని చూసి 'కడుపులో బల్ల పెరిగింది' అనేవాళ్ళు. బల్ల అంటే ప్లీహం, మలేరియాకి ఉబ్బేది. ఊళ్ళోకి వెళ్ళి పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఎడమ పక్కటెముకల కింద వేళ్ళు పెట్టి, ఎంతమందికి బల్ల తగిలిందో లెక్క రాస్తే ఆ ఊరి మలేరియా తీవ్రత తెలిసేది. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. దోమ కడుపులో ఏముందో మైక్రోస్కోపులో చూశాడు. పిల్లల కడుపులో ఏముందో మాత్రం వేళ్ళే చెప్పేవి: ఒక వేలు దిగింది, రెండు వేళ్ళు దిగింది, బొడ్డు దాటింది.

వేళ్ళతో కొలత గనక లావువేళ్ళ డాక్టరు దగ్గర మూడు వేళ్ళ బల్ల రెండుకి తగ్గుతుంది. మందు ఖర్చు లేదు. అయితే ఒక లోపం. మామూలుకంటే రెండు మూడు రెట్లు పెరిగితే గాని ప్లీహం చేతికి తగలదంటారు. అల్ట్రాసౌండు వచ్చాక మిల్లీమీటరు కూడా దాగదు, అదో కొత్త బాధ. 12 సెంటీమీటర్లు దాటితే పెరిగినట్టు రాస్తున్నారు. మా బావమరిది కొడుకు ఆరడుగుల రెండంగుళాలు, వాలీబాల్ ఆడతాడు, వాడిది 13. పొడుగువాళ్ళకి ప్లీహమూ పొడుగే ఉంటుందని డాక్టరు కొట్టిపారేశాడు. నేనైతే వాడిని కాస్త వంగి నడవమన్నాను.

మెడలో గడ్డకి ఇంకా చక్కటి కొలమానం ఉండేది. థైరాయిడ్ ఒక పక్క భాగం ఆ మనిషి బొటనవేలి చివరి కణుపుకంటే పెద్దదైతే గాయిటర్ కింద లెక్క. ఎవరి స్కేలు వాళ్ళ చేతిలోనే.

(టోకెను 25. ఎదుటాయన ఓడిపోయాడు. బాత్‌రూమ్‌లోకి వెళ్ళాడు.)

వాటాల పంపకంలో

ఇది తొందరగా చెప్పేది కాదు, అయినా చెప్పకుండా ఉండలేను. మా వియ్యంకుడి తమ్ముడికి హైదరాబాదులో లివరు మార్చాల్సొచ్చింది. కొడుకు ముందుకొచ్చాడు, ఇరవై ఏడేళ్ళు. సీటీలో పలచని ముక్కలు తీసి, ఒక్కో ముక్కలో లివరు అంచు గీసి, అన్నీ కూడి ఘనపరిమాణం తేల్చారు. మొత్తం 1180 మిల్లీలీటర్లు, కుడి భాగం 720. తండ్రి బరువు 70 కిలోలు. ఆయన బరువులో నూటికి 0.8 వంతైనా, అంటే 560 గ్రాములైనా లివరు అందాలి. ఇచ్చినవాడికి తనదాంట్లో నూటికి 30 వంతులైనా మిగలాలి. వాడికి 39 మిగులుతుంది.

నేను రంగంలోకి దిగాను. 720 మిల్లీలీటర్లంటే 720 గ్రాములే కదా, ఇంకా 160 గ్రాములు మిగులు ఉన్నట్టే, కొంచెం తగ్గించి కొయ్యండి, కుర్రాడికి ఎక్కువ ఉంచండి అని సర్జనుతో బేరం పెట్టాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. "సీటీలో మనం కొలిచేది రక్తం నిండిన లివరు. తీసి కడిగి తూకం వేసేసరికి తగ్గుతుంది. ఆ తరుగు ముందే లెక్కలో వేసుకోవాలి. ఇక ఎక్కడ కొయ్యాలన్నది మీరు గీత గీసినట్టు ఉండదు, మధ్య సిర ఏ వైపుకి వదలాలి, పిత్తనాళం ఎలా చీలిందన్నదాన్ని బట్టి ఉంటుంది" అన్నాడు. తర్వాత ఆయనే అన్నాడు, కొన్ని నెలల్లో ఇద్దరి లివర్లూ దాదాపు మళ్ళీ పెరుగుతాయని. ముప్పై నాలుగేళ్ళలో ఇచ్చేశాక మళ్ళీ పెరిగిన చేను నేను చూడలేదు.

ఆపరేషను పద్నాలుగు గంటలు పట్టింది. ఆ పద్నాలుగు గంటలూ నేను క్యాంటీనులో కూచున్నాను. ఎవరికీ ఏ సలహా చెప్పలేదు.

మీ గుండె లెక్క సర్వేయరుతో సరిచూపించుకోండి

మొన్న నా ఎకో రిపోర్టులో 'సింప్సన్ పద్ధతి' అని కనబడగానే కుర్చీలోంచి లేచాను. సింప్సన్ మావాడు! పద్దెనిమిదో శతాబ్దం ఇంగ్లీషు గణితవేత్త థామస్ సింప్సన్ పేరున్న సూత్రం. కాలవ ఒడ్డు వంకర తిరిగిన చేనుకి మేమేం చేస్తాం? నడిమధ్య ఒక గీత లాగి, సమాన దూరాల్లో అడ్డంగా ఆఫ్‌సెట్లు కొలిచి, సింప్సన్ సూత్రంలో వేసి విస్తీర్ణం తేలుస్తాం. వీళ్ళూ గుండె గదిని కొసనుంచి మొదలు దాకా ఇరవై బిళ్ళలుగా కోసి కలుపుతున్నారు. గుండె ఎంఆర్ఐలోనూ అదే పని, ఎనిమిది మిల్లీమీటర్ల ముక్కలతో. పూర్వం ఒక్క అడ్డగీత కొలిచి దాన్ని ఘనం చేసే సూత్రాలు వాడేవారట. 5.0 సెంటీమీటర్లు ఘనం చేస్తే 125, 5.5 అయితే 166. అరసెంటీమీటరు పొరపాటుకి మూడో వంతు గుండె పెరిగిపోతుంది.

గుండె డాక్టరుకి నా పాత ఎఫ్ఎంబీ, అంటే చేల కొలతల పుస్తకం చూపించి, ఇద్దరం ఒక వృత్తివాళ్ళమేనని చెప్పాను. ఆయన ఆసక్తిగా తిప్పి చూసి, ఒకే చేనుకి రెండు పేజీల్లో రెండు విస్తీర్ణాలెందుకున్నాయని అడిగాడు.

ఎందుకేమిటి? ఒకటి ఎండాకాలంలో కొలిచింది. పాత గొలుసు, లింకులు అరిగి సాగింది. సాగిన గొలుసుతో కొలిస్తే చేను తగ్గుతుంది. రెండోది కొత్త గొలుసు, కొలిచినవాడు వేరు. అసలు ఇద్దరు సర్వేయర్లు విడివిడిగా కొలిస్తే ఒకే అంకె రావడం నా సర్వీసులో చూసింది తక్కువ. వస్తే ఒకడు రెండోవాడి పుస్తకంలోంచి ఎక్కించుకున్నాడని అర్థం. 2020లో రీసర్వే మొదలై డ్రోన్లు, రోవర్లు దిగాక సెంట్లలో తేడాలొచ్చి ఊరూరా గొడవలైతే, 'పాతది పాత పద్ధతి, కొత్తది కొత్త పద్ధతి, రెండూ కలిపి చదవకండి' అని రైతులకి సర్దిచెప్పడానికి రిటైరైన నన్ను పిలిచారు. రెండు గంటలు మాట్లాడాను. శాలువా కప్పారు.

డాక్టరు విని ఏమీ అనలేదు. ఎకో రిపోర్టు మడిచి నా చేతికిచ్చాడు.

సీలింగు మించితే

తొందరగా రాస్తున్నాను. టోకెను 30. మా మేనకోడలి కూతురికి అండాశయం 11 సీసీ వచ్చింది, పది దాటితే పీసీఓడీకి ఒక గుర్తు. 1973 భూసంస్కరణల చట్టంలాగా సీలింగు మించిన ఒక సీసీని డిక్లరేషన్లో చూపించి సరెండర్ చెయ్యమన్నాను. గైనకాలజిస్టు వేరేగా చెప్పింది. ఆ నెల అండం ఎదిగే తిత్తి పెద్దది ఒకటి ఉంది, అది ఉన్నప్పుడు కొలత పనికిరాదు, వచ్చే నెలసరి తర్వాత మళ్ళీ చూడాలి, అయినా ఒక్క కొలతతో పీసీఓడీ అనరు, మూడు లక్షణాల్లో రెండుండాలి. మళ్ళీ చూస్తే 8.

టోకెను 32.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి. పిట్యూటరీ ఉంది. అపెండిక్స్ ఉంది, అల్ట్రాసౌండులో నొక్కి కొలిస్తే ఒకటి, సీటీలో నొక్కకుండా కొలిస్తే ఒకటి. నొక్కడం గురించి ఇప్పుడు ఆలోచించలేను.

పోయినసారి ఇక్కడే మూడు గంటలు కూచోబెట్టారు. స్కానయ్యాక పోసుకుని రమ్మని మళ్ళీ చూస్తే ఇంకా 140 మిల్లీలీటర్లు మిగిలిందన్నారు. ప్రోస్టేట్ అడ్డుపడుతోందని భయపడ్డాను. తర్వాత డాక్టరమ్మే అంది, "మరీ ఎక్కువ నిండిపోతే బ్లాడర్ సరిగ్గా ముడుచుకోదు అంకుల్, మామూలుగా నిండినప్పుడు చూస్తే అంత మిగలకపోవచ్చు. కిడ్నీలు కూడా కాస్త ఉబ్బినట్టు కనబడతాయి." కొలవడానికి నింపమన్నది వాళ్ళే, నిండినందుకు కొలత చెడిందన్నదీ వాళ్ళే.

33 బయటికొచ్చాడు. లేచాను. కౌంటరు అమ్మాయి చెయ్యడ్డం పెట్టింది. "ఒక్క ఐదు నిమిషాలు అంకుల్, కడుపునొప్పితో ఒకావిడ వచ్చారు, ఎమర్జెన్సీ." నిండు చూలాలు, వెంట తల్లి. వాళ్ళని ఆపేదెవరు? కూర్చోలేను. నిలబడలేను. రాయలే

తిరిగొచ్చాక రాస్తున్నాను. తలుపు గడియ పెట్టిన క్షణానే మైకులో నా నంబరు పిలిచారట. ఎదుటాయన నన్ను చూసి జాలిగా పక్కకి జరిగి చోటిచ్చాడు. అమ్మాయి ఇంకో లీటరు సీసా తెచ్చి చేతిలో పెట్టింది.

కొత్త టోకెను 52.